వంటింటి చెత్త, వానపాము, రైల్వే క్వార్టర్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది దసరా. అక్కడి మైదానంలో రావణ దహనం చూడటానికి నగరం నలుమూలల నుంచీ జనం వస్తారు. పేరులోని మూడక్షరాలకు అర్థం వ్యాగన్ రిపేర్ షాప్. ఆగ్నేయ మధ్య రైల్వేకు చెందిన ఆ వర్క్‌షాపు ఉద్యోగుల కోసం ఏర్పడిన కాలనీ ఇది. 1931లో పూర్తయిన విజయనగరం-రాయ్‌పూర్ లైను ఉత్తరాంధ్రను ఈ నగరంతో కలిపింది. రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు నగరంలో తరతరాలుగా ఉన్నాయి.

ఇలాంటి కాలనీల ముందు ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న ఉంది. పొద్దున్నే వంటింట్లోంచి బయటికొచ్చే కూరగాయల తొక్కలు, టీ పొడి, అరటి తొక్కలు ఎక్కడికి పోవాలి? కేంద్ర పర్యావరణ శాఖ 2026 జనవరిలో కొత్త ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. 2016 నాటి నిబంధనల స్థానంలో ఇవి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా నిర్ణయించింది. వీటి ప్రకారం ప్రతి ఇల్లూ చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అంటూ నాలుగు రకాలుగా వేరు చేయాలి. రోజుకు 100 కిలోలు, అంతకు మించి చెత్త వచ్చే సంస్థలు, నివాస సముదాయాలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలి.

అందుకు తరచూ వినిపించే సలహా వానపాములు. ఒక తొట్టి, కాస్త పేడ, గుప్పెడు పాములు ఉంటే చాలు, చెత్త ఎరువవుతుందని ప్రచారాలు చెబుతాయి. అందులో అబద్ధం లేదు. వానపాము తన పని తాను చేస్తుంది. అయినా ఉత్సాహంగా మొదలుపెట్టిన తొట్లలో చాలా వాటికి ఏడాది తిరక్కుండానే మూత పడుతుంది. లోపం పాములో లేదు, వాటిని పెంచే శ్రమ ఎవరిది, దానివల్ల కలిగే లాభం ఎవరిది అన్న లెక్కలో ఉంది.

600 గ్రాముల సమస్య

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన ఆహార వృథా సూచీ ప్రకారం భారతీయ ఇళ్లలో ఏటా మనిషికి సుమారు 55 కిలోల ఆహారం చెత్తలో కలుస్తోంది. ఇందులో తినగలిగినవే కాకుండా తొక్కలు, పిక్కలు, ఎముకలు కూడా ఉన్నాయి. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే ఏడాదికి 220 కిలోలు, అంటే రోజుకు 600 గ్రాములు.

చూడటానికి ఇది తక్కువే. కానీ మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. ఆ లెక్కన ఒక కుటుంబం నుంచి రోజుకు మొత్తం 1.2 కిలోలు వస్తుందనుకుంటే, 80-90 కుటుంబాలు కలిస్తే 100 కిలోల గీత దాటినట్టే. ఓ మోస్తరు రైల్వే కాలనీ కూడా నిబంధనల దృష్టిలో భారీగా చెత్త సృష్టించే సముదాయమే అవుతుంది.

తడి చెత్తతో చిక్కంతా అది మిగతా చెత్తను కూడా పాడుచేయడం వల్లే. సాంబారు పారబోసిన సంచిలో పడ్డ కాగితం, ప్లాస్టిక్ మళ్లీ పనికిరావు. డంపింగ్ యార్డుకు చేరాక గాలి తగలని పొరల్లో కుళ్లి మీథేన్ వదులుతుంది. 20 ఏళ్ల వ్యవధిలో చూస్తే ఈ వాయువు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు. వేసవిలో డంపింగ్ యార్డులు రోజుల తరబడి తగలబడటానికి అదీ ఒక కారణం. రాయ్‌పూర్ తన చెత్తను ఏళ్ల పాటు సరోనా దగ్గర గుట్టలుగా పోసి, తర్వాత సకరీకి మళ్లించింది. ప్రతి నగరానిదీ ఇదే కథ. గుట్ట ఊరు మారుతుంది తప్ప తరగదు. అందుకే తడి చెత్తను ఇంటి దగ్గరే ఆపగలిగితే నగరం మీద సగం భారం తగ్గుతుంది.

పాము ఏం తింటుంది, ఏం తినదు

రైతు కాలి కింద ఎప్పుడూ ఉన్న ఈ జీవిని శాస్త్రం పట్టించుకున్నది ఆలస్యంగానే. ఛార్లెస్ డార్విన్ జీవితపు చివరి దశలో, 1881లో, వానపాములు మట్టిని ఎలా తయారు చేస్తాయో ఒక పుస్తకమే రాశారు. మన దేశంలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రాధా కాలే, చెన్నైలో సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనలు వర్మీ కంపోస్టును రైతుల దాకా తెచ్చాయి. పొలం మట్టిలో లోతుగా తిరిగే పాము వేరు, పైపొరల్లో కుళ్లే పదార్థం తిని బతికే పాము వేరు. ఇంటి తొట్టికి రెండో రకమే కావాలి. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి యూరప్ మూలాలున్న ఐసేనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే. మన నేలదే అయిన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా ఈ పని చేస్తుంది. స్థానిక జాతులే మేలని ఇస్మాయిల్ వాదన.

అనుకూలమైన పరిస్థితుల్లో పాములు రోజుకు తమ బరువులో సగం దాకా తింటాయి. అంటే రోజుకు 600 గ్రాముల చెత్తకు కిలోకు పైగా పాములు ఉండాలి. వందల్లో ఉండే చిన్న పొట్లంతో మొదలుపెట్టి, మర్నాటి నుంచే వంటింటి చెత్తంతా గుమ్మరిస్తే తొట్టి కుళ్లి కంపు కొడుతుంది. మొదటి ప్రయత్నాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. పాముల సంఖ్య రెట్టింపు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా కొసరి కొసరి వేయాలి.

తెలుగు వంటింటికి ఇంకో ఇబ్బంది ఉంది. వానపాము చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది. ఉప్పు, పులుపు, కారం, నూనె దానికి పడవు. చారుకు పిసికిన చింతపండు పిప్పి, నిమ్మ డిప్పలు, ఊరగాయ అడుగు, మిగిలిన పులుసు, పుల్లటి పెరుగు, చేప ముళ్లు తొట్టిలోకి పోకూడదు. కూరగాయల తొక్కలు, ఆకుకూరల కాడలు, టీ పొడి, పొడిచేసిన గుడ్డు పెంకులు, పండ్ల తొక్కలు పోవచ్చు. అంటే వేరుచేయడం వీధి చెత్తబండి దగ్గర కాదు, కత్తిపీట దగ్గరే మొదలవ్వాలి. వండని చెత్తకు ఒక గిన్నె, వండి మిగిలిన దానికి ఇంకో గిన్నె. ఈ రెండో గిన్నె సంగతి ప్రచార కరపత్రాల్లో కనబడదు. దానికి చెత్తబండి రావాల్సిందే.

మిగతాది కష్టం కాదు. అడుగున చిల్లులున్న తొట్టి, దాని కింద నీరు పట్టే పళ్లెం, కొబ్బరి పీచు లేదా ఎండుటాకుల పరుపు, బాగా మాగిన పేడ. పచ్చి పేడ వేడెక్కి పాముల్ని చంపుతుంది. లోపలి తేమ, పిండిన తడిగుడ్డలా ఉండాలి. చెత్త వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకులు లేదా చింపిన అట్టముక్కలు కప్పితే ఈగలు రావు. తొట్టి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. రెండు మూడు నెలల్లో టీ పొడిలాంటి నల్లటి, వాన పడ్డ నేల వాసన వచ్చే ఎరువు తయారవుతుంది. ఈ పద్ధతిలో కుప్ప పెద్దగా వేడెక్కదు కాబట్టి గింజలు చావవు. కుండీలో తమలపాకు తీగ పక్కనే టమాటా మొలక కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు పరీక్ష మే నెలలో

ఇంతవరకు ఏ ఊరికైనా ఒకటే. రాయ్‌పూర్‌లో మాత్రం ఎండను పక్కనబెట్టి ఈ విషయం మాట్లాడలేం. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అనుకునే రోజుల్నే ఇక్కడివారు నౌతపా అంటారు. ఐసేనియాకు హాయైన వేడి 15 నుంచి 25 డిగ్రీలు. యూడ్రిలస్ మరికొంత వేడిని ఓర్చుకున్నా, తొట్టి లోపల 35 డిగ్రీలు దాటితే ఏ జాతికైనా ప్రమాదమే. మేడ మీద, రేకుల కింద పెట్టిన ప్లాస్టిక్ తొట్టిలో మధ్యాహ్నానికి పాములు ఉడికిపోతాయి.

ఉపాయాలు ఉన్నాయి. ప్లాస్టిక్ బదులు మట్టి తొట్టి, చెట్టు నీడ, ఉత్తరం వైపు గోడవార, పైన తడి గోనెసంచి, పగటిపూట రెండుసార్లు నీళ్లు చిలకరించడం. కానీ సరిగ్గా ఆ నెలలోనే బడులకు సెలవులు. సగం కాలనీ తాళాలు వేసుకుని సొంతూళ్లకు రైలెక్కే కాలం అది. చెత్తకైతే సెలవిచ్చి వెళ్లవచ్చు, పాములకు తడి ఆరనివ్వకూడదు. రెండు వారాల తర్వాత తలుపు తెరిస్తే తొట్టిలో ఎండిన పొట్టు మాత్రమే మిగులుతుంది. రైల్వే ఉద్యోగికి బదిలీ బెడద కూడా ఉంది. ఏడాదిపాటు పెంచిన కిలో పాముల్ని లగేజీలో కట్టుకుపోలేరు.

అంటే ఒంటరి ఇల్లు ఈ పనికి సరైన ప్రమాణం కాదు. పక్క క్వార్టరు వాళ్లకు తాళం చెవి ఇచ్చినట్టే తొట్టినీ అప్పగించగలిగిన చోట ఇది నిలుస్తుంది. ఒకరి పాములు చచ్చిపోతే ఇంకొకరి తొట్టి నుంచి గుప్పెడు తెచ్చుకోగలిగిన చోట నిలుస్తుంది. పెరుగు తోడు ఎలా వీధిలో ఒకింట్లో లేకపోతే ఇంకో ఇంట్లో దొరుకుతుందో, ఇదీ అలాంటిదే.

ఏడాదికి 500 రూపాయలు

ఇక డబ్బు సంగతి. 220 కిలోల తడి చెత్త నుంచి వచ్చే ఎరువు అందులో నాలుగోవంతు అనుకుంటే 50-55 కిలోలు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే ఒకప్పుడు వర్మీ కంపోస్టును కిలో 10 రూపాయలకు అమ్మింది. ఆ ధరకు లెక్కేస్తే ఒక ఇంటి ఏడాది శ్రమకు 500 రూపాయలు. నర్సరీలో చిన్న ప్యాకెట్ల ధరకు లెక్కేసినా కొన్ని వేలు దాటదు. ‘చెత్త నుంచి సంపద’ అన్న నినాదం ఇంటి స్థాయిలో నిజం కాదు.

అసలు ఆదా ఇంకెక్కడో ఉంది. ఆ 220 కిలోలను ఎత్తి, బండిలో మోసి, కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి, గుట్ట పోసి, ఆ గుట్టను ఏళ్ల తర్వాత తవ్వి శుభ్రం చేసే ఖర్చు తప్పుతుంది. అది నగరపాలక సంస్థకో, కాలనీ నడిపే యాజమాన్యానికో మిగిలే డబ్బు. శ్రమ మాత్రం ఇంటిది. ఇంట్లోనూ ఆ శ్రమ ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. రోజూ వేరుచేసేది, తొట్టి తడి చూసేది, ఈగలొస్తే మాట పడేది ఎక్కువగా ఇల్లాలే. లాభం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయినప్పుడు ఏ పథకమైనా పర్యావరణ దినోత్సవం ఫొటోలతోనే ఆగిపోతుంది.

ఛత్తీస్‌గఢ్ చూసిన రెండు దారులు

ఈ రాష్ట్రానికి వర్మీ కంపోస్టు కొత్త కాదు. 2020 జులై 20న, హరేలీ పండుగ రోజున, అప్పటి భూపేశ్ బఘేల్ ప్రభుత్వం గోధన్ న్యాయ్ యోజన ప్రారంభించింది. పశుపోషకుల నుంచి కిలో 2 రూపాయలకు పేడ కొని, గౌఠాన్లలో మహిళా సంఘాల చేత వర్మీ కంపోస్టు చేయించడం దాని ఉద్దేశం. పేడకు ధర కట్టిన పథకంగా దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. కానీ తయారైన ఎరువుకు సహజమైన గిరాకీ తగినంతగా రాలేదు. సహకార సంఘాల్లో రుణం తీసుకునే రైతులకు దాన్ని అంటగడుతున్నారని, నాణ్యత లేదని విమర్శలు వచ్చాయి. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక పేడ కొనుగోళ్లు నిలిచిపోయాయి. సరుకు తయారీకి డబ్బు పెట్టి, దాన్ని ఎవరు కోరుకుంటారో ముందుగా తేల్చుకోకపోతే ఏమవుతుందో ఆ పథకం చూపించింది.

రెండో దారి అంబికాపూర్‌ది. ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లోని ఈ పట్టణంలో 2015 నుంచి స్వయం సహాయక సంఘాల మహిళలు ఇంటింటికీ తిరిగి చెత్త సేకరిస్తూ, చిన్న చిన్న కేంద్రాల్లో రకరకాలుగా వేరు చేస్తున్నారు. పొడి చెత్త అమ్మకం మీద, ఇళ్ల నుంచి వసూలయ్యే రుసుము మీద వారికి ఆదాయం వస్తుంది. 16 ఎకరాల పాత డంపింగ్ యార్డు పార్కుగా మారింది. 2019లో ప్లాస్టిక్ తెచ్చిన వారికి భోజనం పెట్టే గార్బేజ్ కెఫే కూడా అక్కడే మొదలైంది. ఇక్కడ చెత్తతో పెట్టుకునే చాకిరీకి జీతం ఉంది. అదే తేడా.

తెలుగు నేల మీద ఈ రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. 2000ల తొలినాళ్లలో కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో సూర్యాపేట ఇంటింటికీ రెండు బుట్టల విధానం, వర్మీ కంపోస్టుతో దేశం దృష్టిని ఆకర్షించింది. రాయ్‌పూర్ లైను మీదే ఉన్న బొబ్బిలి పురపాలక సంఘం తడి చెత్తను ఎరువుగా మార్చడంలో పేరు తెచ్చుకుంది. మరోవైపు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో వేల సంఖ్యలో కట్టిన ‘సంపద తయారీ కేంద్రాల’ షెడ్లలో చాలావరకు ఎరువు తొట్లు ఖాళీగా ఉన్న వైనం పత్రికలకు తరచూ వార్తే. ఇంటింటి నుంచి వసూలు చేసిన రుసుము ‘చెత్త పన్ను’గా రాజకీయ వివాదమై, 2024 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించే దాకా వెళ్లింది. చెత్తకు డబ్బు కట్టమంటే జనం ఒప్పుకోవడం కష్టం. చెత్త తగ్గించిన వారికి డబ్బు తగ్గించడం మాత్రం ఎవరూ పెద్దగా ప్రయత్నించలేదు.

రాయితీ అందని ఇల్లు

ప్రయత్నించిన నగరాల్లో పుణె ఒకటి. వర్మీ కంపోస్టు, సౌరశక్తి, వాన నీటి సంరక్షణలో ఏదైనా ఒకటి అమలు చేసిన ఇళ్లకు ఆస్తి పన్నులో 5 శాతం, ఒకటి కంటే ఎక్కువైతే 10 శాతం రాయితీ ఇస్తోంది. కేరళలోని అలప్పుళ ఇంకో పద్ధతి ఎంచుకుంది. సర్వోదయపురం డంపింగ్ యార్డును స్థానికులు అడ్డుకున్నాక, 2012 నుంచి ఇళ్లకు సబ్సిడీపై కంపోస్టు గొట్టాలు, బయోగ్యాస్ యూనిట్లు ఇచ్చి, వీధుల్లో ఉమ్మడి కంపోస్టు తొట్లు పెట్టింది. ఐదేళ్లకు ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం మెచ్చుకున్న నగరాల జాబితాలో చేరింది.

రైల్వే కాలనీకి పుణె మార్గం పనికిరాదు. రాజ్యాంగంలోని 285వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు స్థానిక పన్నుల నుంచి మినహాయింపు ఉంది. క్వార్టర్లో ఉండే ఉద్యోగి ఆస్తి పన్ను కట్టడు, కాబట్టి అందులో రాయితీ ప్రశ్నే రాదు. అతని ఇంటి యజమాని రైల్వేయే, పారిశుద్ధ్యం బాధ్యత కూడా సాధారణంగా రైల్వేదే. కొత్త నిబంధనల కింద జవాబు చెప్పుకోవాల్సింది కూడా రైల్వేయే. ఒక రకంగా ఇది అదృష్టం. నగరంలో లాభం ఒకచోట, శ్రమ ఒకచోట, అధికారం ఒకచోట ఉంటాయి. ఇక్కడ ఆదా అయ్యేది, ఆదేశించగలిగేది ఒకే సంస్థ.

ఆ సంస్థ చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కాలనీలో చెట్ల నీడన ఒక ఉమ్మడి తొట్టి, దాన్ని చూసుకునేందుకు జీతమిచ్చే ఇద్దరు మనుషులు ఉంటే వేసవిలో ఊరెళ్లేవారి పాములకు అదే పుట్టిల్లవుతుంది. మాగిన పేడ, ఎండుటాకులు అక్కడే అందించవచ్చు. ఏటా ఊడ్చి తగలబెట్టే ఆకులకు అదే సరైన చోటు. వచ్చే ఎరువును కొనడానికి బయటి రైతును వెతకనక్కర్లేదు. స్టేషన్ల తోటలు, కాలనీ పార్కులు, నాటే మొక్కలు రైల్వేకే ఉన్నాయి. ఇంటి తొట్టి పెంచాలనుకున్న వారికి మొదటి కిలో పాములు ఉచితంగా ఇచ్చి, తడి చెత్త ఇవ్వని ఇంటికి కాలనీ నిర్వహణ ఖర్చులో కొంత తిరిగి ఇవ్వడం గురించి కార్మిక సంఘాలు అడగవచ్చు. వండి మిగిలిన దాన్ని మాత్రం విడిగా సేకరించాల్సిందే.

ఇన్ని తిప్పలెందుకు, అంతా ఒకేచోట పెద్ద ప్లాంటుకు పంపితే పోలేదా అన్న వాదనలో బలముంది. ఇందౌర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన బయో సీఎన్‌జీ ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త. చింతపండు పిప్పి, పులుసు అక్కడ సమస్య కాదు. కానీ ఆ ప్లాంటు నడవడానికి కారణం యంత్రం ఒక్కటే కాదు. నగరమంతా ఇంటి గడప దగ్గరే తడి, పొడి వేరు చేయడం. ఆ అలవాటు లేని ఊళ్లో ఎంత పెద్ద ప్లాంటయినా ప్లాస్టిక్ కలిసిన బురదతో మూలపడుతుంది. వానపాముల తొట్టి ఉన్న ఇంట్లో ఆ అలవాటు దానంతటదే వస్తుంది. తప్పు చేస్తే మర్నాడు తొట్టే చెబుతుంది కదా! ఎరువు కంటే విలువైన ఫలితం బహుశా అదే.

ఉత్తరాంధ్ర ఊళ్లలో గత్తం విలువ తెలియని ఇల్లు ఒకప్పుడు లేదు. ఇంటి చెత్త, కొట్టంలో పేడ కలిసి పెంటకుప్పగా మాగి, తొలకరికి ముందు బండెక్కి పొలానికి పోయేది. అప్పుడు చెత్త వేసే మనిషి, ఎరువు వాడే మనిషి ఒకరే కాబట్టి ఎవరూ ఎవరికీ ప్రచారం చేయాల్సి రాలేదు. క్వార్టర్లలోకి మారాక ఆ రెండు కొసలూ విడిపోయాయి. వానపాము వాటిని మళ్లీ కలపగలదు గానీ, తనంతట తాను కలపలేదు. వచ్చే మే నెలలో కాలనీలోని తొట్లకు ఎవరు నీళ్లు చిలకరిస్తారో ముందుగా తేలితే, మిగతా పని పాములే చూసుకుంటాయి.